ఈసీజీ బాగానే ఉంది, మనిషే బాగోలేదు

ముప్పై మూడేళ్ళకే రిటైరయ్యానంటే అందరూ నవ్వుతారు. నవ్వుకోండి. స్ట్రెచర్ మీద మనుషుల్ని ఇరుకు మెట్లు దింపీ దింపీ ముందు నా నడుం రిటైరైంది. ఇక బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాడు. బరువెత్తని అంబులెన్స్ టెక్నీషియన్ ఎవరికి కావాలి? బండి దిగిపోయాను.

ఇప్పుడు ఈ టెక్నీషియన్ కోర్సు చదువుతున్న పిల్లలు వాట్సాప్‌లో అడుగుతుంటారు. "అక్కా, ఎన్ని ప్రాణాలు కాపాడారు?" "అక్కా, యాక్సిడెంట్లు చూస్తే భయం వెయ్యదా?" పేషెంట్ చుట్టూ మూగిన వీధి వీధినంతా ఏం చెయ్యాలక్కా అని ఒక్కళ్ళూ అడగరు. అసలు ఉద్యోగం అదే! అందుకే ఇదంతా ఫోన్‌లో టైప్ చేస్తున్నాను. ఎలాగూ అది చేతిలోంచి దిగదు.

నేను వైజాగ్‌లో అపార్ట్‌మెంట్‌లో పెరిగినదాన్ని. పక్క ఫ్లాట్‌లో ఎవరికైనా బాగోకపోతే మా అమ్మ గ్రూప్‌లో దణ్ణం బొమ్మ పెట్టేది, అక్కడితో సరి. అలాంటి నన్ను తెచ్చి ధవళేశ్వరం బండి ఎక్కించారు. ఇక్కడ ఒకరికి బాగోలేదంటే వీధిలో ఏ ఇంటి పొయ్యీ వెలగదు, అందరూ ఆ ఇంటి ముందే ఉంటారు.

మా బండి నడిపేది అప్పారావుగారు. అంబులెన్స్ డ్రైవర్ని మాలో పైలట్ అంటాం. ఆయన పుట్టింది, పెరిగింది ధవళేశ్వరంలోనే. సైరన్ మోగుతున్నా సరే, స్టీరింగ్ ముందు కూర్చుని "కొంచెం జరగండి బాబూ, ఏమనుకోకండి" అని గొణిగే రకం. ఆయన మర్యాదకీ నా కోపానికీ మధ్యలో పేషెంట్ పడుకుని ఉండేవాడు.

వీర్రాజు గుండె

గుండె నొప్పి అని వచ్చే కాల్స్‌లో కొన్ని గుండెవి కావు. మనిషికి ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, ఒళ్ళంతా చెమట, చేతులు తిమ్మిర్లు, ఊపిరి అందదు, ఈ నిమిషమే చచ్చిపోతున్నానని గట్టిగా అనిపిస్తుంది. కాసేపటికి దానంతటదే దిగిపోతుంది. పానిక్ ఎటాక్. పుస్తకంలో ఒక పేరా. ఇంట్లో అది భార్యకో భర్తకో వస్తే పేరా కాదు, కాపురం మొత్తం.

గోదావరి గట్టు దిగువన చేపలవాళ్ళ వీధి నుంచి ఒక రోజు పొద్దున్న కాల్ వచ్చింది. వెళ్ళేసరికి ఇంటి ముందు మడత మంచం, దాని చుట్టూ జనం. పేషెంట్ కనపడడే! తోసుకుంటూ వెళ్ళి చూస్తే వీర్రాజు. నలభై దాటిన మనిషి, వల లాగి లాగి పలకల్లాంటి భుజాలు. ముక్కు దగ్గర ఒకావిడ ఉల్లిపాయ పట్టుకుంది. గుప్పిట్లో ఎవరో తాళాల గుత్తి పెట్టారు, మూర్ఛ అనుకుని. ఇంకొకాయన సోడా పట్టిస్తున్నాడు. కాళ్ళ దగ్గర అతని భార్య నూకరత్నం అరికాళ్ళు రుద్దుతూ ఏడుస్తోంది.

"నన్నెవరికొదిలేసి పోతన్నావు మావా!"

మిగతావాళ్ళంతా ఒకటే అరుపు. "గట్టిగా పీల్చు! గాలి గట్టిగా పీల్చరా!"

అతను అప్పటికే ఆయాసంతో కొలిమి తిత్తిలా పీలుస్తున్నాడు. ఇంకా పీల్చమంటారేంటి? అలా మరీ ఎక్కువ పీల్చేస్తేనే వేళ్ళు కొంకర్లు పోతాయి. పోయాయి కూడా. అది చూసి ఇంకో కేక, "అయ్యబాబోయ్, చెయ్యి పడిపోయింది!"

"అందరూ బయటికి పొండి!" అని అరిచాను.

అది ఇల్లు కాదు, వీధి. బయటికంటే ఎక్కడికి పోతారు? ఎవరూ కదల్లేదు. ఉల్లిపాయ పట్టుకున్నావిడ అప్పారావుగారి వైపు తిరిగి అడిగింది. "ఎవరండీ ఈ పిల్ల? మర్యాద తెలీదేంటండి?"

"వైజాగండి," అన్నాడాయన, అదేదో జబ్బు పేరైనట్టు.

వీర్రాజు నా చెయ్యి పట్టుకున్నాడు. "సచ్చిపోతన్నానండి సిస్టరు. నాకు తెలిసిపోతంది."

ఇక్కడ కొత్తగా చేరేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మనం డాక్టర్లం కాదు. ఇది పానిక్ అని మనకి ఎంత గట్టిగా అనిపించినా, గుండె నొప్పి అన్న మనిషిని గుండె నొప్పిగానే చూసి ఆసుపత్రిలో దింపాలి. దింపాం. ఈసీజీ బాగుంది. రక్త పరీక్షలు బాగున్నాయి. డ్యూటీ డాక్టరు తలెత్తకుండా "ఏమీ లేదయ్యా, గ్యాస్ అయ్యుంటుంది, ఇంటికెళ్ళు" అన్నాడు.

ఈ 'ఏమీ లేదు' వింటే నాకు ఒళ్ళు మండుతుంది. చావు అంచుదాకా వెళ్ళొచ్చానని నమ్ముతున్న మనిషికి ఏమీ లేదంటే అతనికి రెండే అర్థాలు. డాక్టరుకి దొరకని పెద్ద జబ్బేదో ఉంది, లేదా నేను నటిస్తున్నానని వీళ్ళ అనుమానం. రెండూ మళ్ళీ ఎటాక్ తెచ్చేవే.

అసలు సంగతి తర్వాత నూకరత్నం చెప్పింది. ఆ పొద్దున్న వీర్రాజు నది మధ్యలో వల లాగుతున్నాడు. గాలి లేదు, వాన లేదు. ఉన్నట్టుండి గుండె ఎగిరిపడింది. పడవ అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. పక్కనే ఉన్న అన్న సత్తిబాబు తన పడవకి తాడు కట్టి గట్టుకి లాక్కొచ్చాడు. నీళ్ళ మీదే పుట్టినట్టు పెరిగిన మనిషి, అందరూ చూస్తుండగా తాడు కట్టించుకుని వచ్చాడు. ఆ రోజు నుంచి నీళ్ళ వైపు వెళ్ళలేదు.

చూడ్డానికి వచ్చేవాళ్ళు

అదే ఇంటికి మళ్ళీ కాల్. కొన్నాళ్ళకి మళ్ళీ. ప్రతిసారీ అదే మంచం, అదే జనం, ఈసీజీ అంతే బాగుంది.

ఒకసారి మేం వెళ్ళేసరికి ఎటాక్ దిగిపోయింది. నీళ్ళు తాగి వెళ్ళమని నూకరత్నం కూర్చోబెట్టింది. నేను ఫోన్ చూసుకుంటూ చెవి అటు పడేశాను. అప్పుడు అర్థమైంది ఈ ఇంట్లో ఏం జరుగుతోందో.

కడియం నుంచి ఎవరో చుట్టాలు ఆటోలో దిగారు. చేతిలో హార్లిక్స్ సీసా, బత్తాయిలు. నూకరత్నం చాప పరిచింది. వచ్చినాయన కూర్చుని మొదలెట్టాడు.

"ఏం జరిగిందిరా? మొదట్నుంచీ సెప్పు."

వీర్రాజు మొదట్నుంచీ చెప్పాడు. పడవ, వల, గుండె, చెమట, తాడు. చెబుతుంటేనే చెయ్యి ఛాతీ మీదికి పోతోంది. అంతా విని చుట్టం తలూపాడు.

"మా తోడల్లుడికీ ఇలాగేరా. పకోడీ తింటా తింటా పక్కకి ఒరిగిపోయేడు. ప్లేటు కింద పడలేదు, మడిసి పడిపోయేడు."

"గోపాలపురంలో మా వియ్యంకుడైతే," అని ఆయన పక్కావిడ అందుకుంది, "ఈసీజీ బాగుందన్నారు. ఇంటికి తెచ్చేరు. చెప్పులిప్పుతా పోయేడు."

వీర్రాజు మొహం తెల్లబడిపోయింది. నా కళ్ళ ముందే ఆ రోజు రెండో ఎటాక్ మొదలైంది. బండి ఇంకా వీధిలోనే ఉంది కాబట్టి ఆ రోజు కాల్ చేసే పని తప్పింది.

ఇదీ ఇక్కడి పరామర్శ. ప్రేమే, కాదనను. పనులు మానుకుని, పళ్ళు కొనుక్కుని, ఆటో ఎక్కి వస్తారు. వచ్చి, ఏ సంగతి మర్చిపోతే మనిషి బాగుపడతాడో దాన్ని అతని నోటితోనే మళ్ళీ చెప్పించి, పైన పోయినవాళ్ళ కథలు చేర్చి, కాఫీ తాగి వెళ్తారు. మా డిపార్ట్‌మెంట్‌కి దీనంత పని పెట్టిన రోగం ఇంకోటి లేదు.

"రావద్దని చెప్పమ్మా!" అన్నాను నూకరత్నంతో.

ఆవిడ నన్ను ఎంత జాలిగా చూసిందో. "ఇంటికొచ్చినోళ్ళని పొమ్మంటామా అండి? రేపు మా గుమ్మంలోకి ఎవరొత్తారు?"

"రాకపోతే మీ ఆయన బతుకుతాడు."

"ఆయ్," అంది. ఇక్కడ ఆయ్ అంటే అవునని అర్థం. చేస్తామని మాత్రం కాదు.

మా సూపర్‌వైజర్ ఇంకో రకం. "ఆ ఇంటికి ఊరికే తిరుగుతున్నారేంటి? అవతల నిజమైన పేషెంట్ ఉంటే?" అన్నాడు. ఆ మాటలో సగం నిజం ఉంది కాబట్టి ఇంకా మండింది. మేం అక్కడ ఇరుక్కున్నప్పుడు ఇంకెక్కడో ఎవరో నిజంగానే ఎదురుచూస్తూ ఉండొచ్చు. కానీ వీర్రాజు అబద్ధపు పేషెంటా? భయం నిజం, చెమట నిజం, కొంకర్లు పోయిన వేళ్ళు నిజం. అతనికి కావలసింది అంబులెన్స్ కాదు, వైద్యం. ఆ వైద్యం ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు, అంతే తేడా.

పడవ

ఒకసారి ఆసుపత్రి వరండాలో సత్తిబాబు అప్పారావుగారితో అంటున్నాడు. చెడ్డవాడు కాదు, తమ్ముడంటే ప్రాణం.

"గుండె జబ్బోడికి చేపల ఏటెందుకండి? పెద్దాళ్ళం కూర్చుని అనుకున్నాం. ఎర్రనీరు వచ్చేలోపు ఈడు పడవెక్కితే సరే. లేదంటే ఆ పడవ నేనే తిప్పుతాను. ఈడికి ఏ లోటూ రానివ్వను. గట్టు మీద కూర్చుని తింటాడు."

వానాకాలం వరదకి గోదావరి ఎర్రబడుతుంది. చేపల వాళ్ళకి ఏడాదిలో పెద్ద రోజులవి. అదీ గడువు.

నూకరత్నం అక్కడే గోడకి ఆనుకుని ఉంది. బావగారి ముందు మాట్లాడలేదు. ఆయన వెళ్ళాక నా మీద పడింది.

"గట్టు మీద కూర్చుని తింటాడంట! ఈయన గట్టు మీద కూర్చునే మడిసా అండి? చుట్టలు కాల్చుకుంటా ఆ నీళ్ళకేసి చూసి చూసి ఎండిపోతాడు. మీరేదో ఒకటి చెయ్యండి సిస్టరు. పడవ పోయిందంటే నా మొగుడు పోయినట్టే."

సిస్టర్‌ని కూడా కాదు నేను. అయినా ఫోన్ తీసి, పెద్దాసుపత్రిలో మానసిక వైద్యం ఓపీ ఏయే రోజులుంటుందో తెలిసినవాళ్ళని అడిగి చెప్పాను.

"మెంటలు డాకటరా?" అంది వెనక్కి జరిగి. "మా ఆయనకి పిచ్చా?"

"పిచ్చి మీ వీధికి. ఆయనకి భయం. భయానికి డాక్టరుంది, వెళ్ళు!"

అరిచాను. వరండాలో అందరూ చూశారు. అప్పారావుగారు వచ్చి "అమ్మాయి ఉద్దేశం అది కాదండి, నరాల భయం తగ్గించే డాక్టరుగారండి, చాలా మంచావిడండి" అని చెప్పాకే కదిలింది. పేరు మారిస్తే ప్రాణం లేచొస్తుంది వీళ్ళకి. సరే, కదిలితే చాలు.

డాక్టరమ్మ చెప్పినవి

నా సెలవు రోజున నేనూ వెంట వెళ్ళాను. లేకపోతే దారిలో ఏ తాయెత్తు దుకాణం దగ్గరో ఆగిపోతారు.

డాక్టరమ్మ మొదట రిపోర్టులన్నీ చూసి, గుండె సంగతి తేలిపోయిందని చెప్పింది. వెంటనే ఇంకో మాటంది. "మీకు వచ్చింది నిజమైన బాధే వీర్రాజుగారూ. పులి ఎదురైతే ఒంట్లో ఏం జరుగుతుందో మీకు అదే జరుగుతోంది, పులి లేకుండా. చాలామందికి వస్తుంది, తగ్గుతుంది." అతను అప్పటిదాకా ఒంగి కూర్చున్నాడు. ఆ మాటకి నిటారుగా అయ్యాడు. ఇన్నాళ్ళూ ఎవరూ అనని మాట ఇంతే!

మందు రాసింది. వెంటనే పనిచెయ్యదు, కొన్ని వారాలు పడుతుంది, బాగుందని మధ్యలో మానెయ్యకూడదు, ఏ తేడా వచ్చినా తనకి చెప్పాలంది. తర్వాత నూకరత్నాన్ని ముందుకి జరిగి కూర్చోమంది.

"అది వచ్చినప్పుడు నువ్వేం చేస్తావమ్మా?"

"ఏడుత్తానండి."

"అది మానెయ్యి. పక్కన కూర్చో. గాలి పీల్చమనకు, మెల్లగా వదలమను. లోపలికి పీల్చినదానికంటే బయటికి వదిలేది ఎక్కువసేపు ఉండాలి. ఇది ఇంతకుముందూ వచ్చింది, పోయింది, ఇప్పుడూ పోతుందని చెప్పు. ఏమీ లేదని అనకు. భయమేస్తోందని పనులు మాన్పించకు కూడా. మానిన కొద్దీ భయం పెరుగుతుంది. నీళ్ళంటే భయం కదా, కొంచెం కొంచెం నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళు. ముందు గట్టు, తర్వాత కట్టేసిన పడవ, తర్వాత గట్టు వెంబడే కొంత దూరం. కొత్తరకం నొప్పి వచ్చినా, ఎంతకీ దిగకపోయినా, స్పృహ తప్పినా మాత్రం ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి రండి."

నూకరత్నం అన్నిటికీ తలూపింది. చివర్లో గొంతు తగ్గించి అడిగింది. "డాకటరమ్మా, నాకు ఒక్కోసారి ఇసుగొచ్చేత్తాదండి. చేపలమ్మి బజార్నుంచి ఇంటికొత్తే మళ్ళీ ఇదే. ఒక్కోసారి నేనే ఈయన పీక నొక్కేద్దామనిపిత్తాది."

వీర్రాజు ఆవిడకేసి అదిరిపడి చూశాడు. డాక్టరమ్మ నవ్వింది. "అనిపిస్తుందమ్మా. నొక్కకు, అంతే. నీకూ రెండు గంటలు నీ మానాన నువ్వుండే టైము కావాలి. అన్నిటికీ నువ్వే దిక్కనుకోకు."

పేషెంట్ పక్కనుండే మొగుణ్ణో పెళ్ళాన్నో ఒక డాక్టరు ఇలా అడగడం నా ఉద్యోగంలో చాలా తక్కువ చూశాను. మీరు బండెక్కాక ఆ పక్క మనిషి మొహం కూడా ఒకసారి చూడండి. రేపు ఇంట్లో అంబులెన్స్ అయ్యేది ఆ మనిషే.

చిరిగిన వల

అన్నీ బాగానే ఉన్నాయి, పరామర్శ మాత్రం ఆగలేదు. నరాల డాక్టరుకి చూపించారట అని తెలిసి ఇంకో విడత చుట్టాలు మొదలయ్యారు.

ఒక సాయంత్రం వేరే కేసు దింపి వస్తూ అప్పారావుగారు టీకి ఆ వీధి చివర ఆపారు. వీర్రాజు ఇంటి ముందు ఎప్పటిలా జనం. నాకు చిర్రెత్తింది. దగ్గరికెళ్ళి చూస్తే అంతా వేరేగా ఉంది. మడత మంచం లేదు. వాకిలంతా వల పరిచి ఉంది. వచ్చినవాళ్ళందరి ఒళ్ళోనూ తలా కొంత వల, చేతిలో దారం. వాళ్ళ మధ్యలో వీర్రాజు కూడా కూర్చుని అల్లుతున్నాడు.

అప్పుడే ఒక పెద్దాయన పళ్ళ సంచితో దిగి, నోరు తెరిచాడు. "ఏరా వీర్రాజూ, ఏం జరి..."

"మావయ్యా, వచ్చేవా! ఆ చివర పట్టుకో," అని నూకరత్నం వల కొస తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది. "ఎలకలు కొట్టేసినియ్యి. నీ చేత్తో ఏస్తే ముడి జారదు."

ఆయన కూర్చున్నాడు. చిరిగిన వల చూసి ఊరుకునే చేపలవాడు ఉండడు. వలలో రెండు కళ్ళు అల్లేసరికి, "ఈ పక్కన ముడేసిందెవడ్రా? చెయ్యా, కాలా?" అన్నాడు. పక్కవాడికి పౌరుషం వచ్చింది. ఇక చూస్కోండి, దారం మీద ఒక గొడవ, వల కంటి కొలత మీద ఒక గొడవ. వీర్రాజు కూడా గొంతు పెంచి వాదిస్తున్నాడు. పకోడీ తింటూ పోయిన తోడల్లుడు ఎవరికీ గుర్తులేడు.

నూకరత్నం నాకు టీ ఇచ్చి చెవిలో చెప్పింది. "మీరు పొండి పొండి అని అరిచారు. ఒక్కడైనా ఎల్లేడా? నేను పని సెప్పేను. సగం మంది మర్నాటి నుంచి రావడమే మానేసేరు."

నేను టీ ఊదుకున్నాను.

అంతలో వీర్రాజు చెయ్యి ఆగిపోయింది. మెడ మీద చెమట. ఆవిడ వెళ్ళి పక్కన కూర్చుంది, వీపు మీద చెయ్యేసింది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"రానీ. మొన్నా వచ్చింది, పోయింది. గాలొదులు. మెల్లిగా. ఇంకా ఒదులు."

పెద్దాయన లేవబోయాడు. "అంబులెన్సుకి చెయ్యనా ఏంటమ్మా?"

"అంబులెన్సు అక్కడే నిలబడి టీ తాగుతంది. నువ్వు అల్లు మావయ్యా."

నేను కదలబోతే అప్పారావుగారు కళ్ళతోనే వద్దన్నారు. చూస్తూ నిలబడ్డాను. ఏడుపు లేదు, ఉల్లిపాయ లేదు, తాళాలు లేవు. కొంతసేపటికి వీర్రాజు మొహం తుడుచుకుని, ఒళ్ళో వల చూసుకుని, "ఎవడ్రా నా దారం తీసింది?" అన్నాడు.

బండి దిగాక

తర్వాత నా నడుం పోయింది, నేను దిగిపోయాను. వీర్రాజు కట్టేసిన పడవలో కూర్చుంటున్నాడనీ, గట్టు వెంబడి కొంత దూరం వెళ్ళి వెనక్కి తిరిగొచ్చేశాడనీ అప్పారావుగారు చెబుతుండేవారు. ఆ పైన వానలు మొదలయ్యాయి. బ్యారేజీ దగ్గర నీరు రంగు మారిందని ఎవరో స్టేటస్ పెట్టారు. నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ పడవే. అడుగుదామని ఫోన్ తీసి, ఏం వినాల్సొస్తుందోనని పక్కన పెట్టేశాను.

ఒక పొద్దున్న ఫిజియోథెరపీ క్లినిక్ మెట్లెక్కుతుంటే ఫోన్. నూకరత్నం. వెనక గాలి హోరు, నీళ్ళ చప్పుడు.

"సిస్టరూ, వచ్చిందండి ఈయనకి."

"ఎక్కడున్నారు?"

"ఏటి మధ్యలోనండి. నేనూ పడవలోనే ఉన్నాను. బావగారి పడవ పక్కనే ఉంది."

"నేనిప్పుడు బండిలో లేనమ్మా! ఉద్యోగం మానేశాను. ఆగు, నేను కంట్రోల్ రూమ్‌కి..."

"బండెవరడిగేరండి?" అంది విసుగ్గా. "ఏం సెయ్యాలో నాకు తెలుసు. సేత్తన్నాను. మీకు సెప్పాలనిపించింది, సెప్పేను. ఉండండి."

ఫోన్ ఎక్కడో పెట్టేసింది, కట్ చెయ్యలేదు. చెక్క మీద టక్కుమన్న శబ్దం. తర్వాత ఆవిడ గొంతు, దూరంగా.

"ఒదులు మావా. మెల్లిగా. ఇంకా."

చాలాసేపు నీళ్ళే వినిపించాయి. దూరం నుంచి సత్తిబాబు కేకేశాడు. "తాడెయ్యనా?"

ఫిజియో క్లినిక్ మెట్ల మీద కూర్చుండిపోయాను, ఫోన్ చెవికి అదుముకుని. నేనూ గాలి వదలడం మర్చిపోయాను.

అప్పుడు వీర్రాజు గొంతు, వణుకుతూనే, కానీ గట్టిగా.

"తాడొద్దు అన్నయ్యా! ఒసేయ్, ఒదులు ఒదులు అని ఆ నస ఆపి తెడ్డెయ్యవే! వల పక్కకి కొట్టుకుపోతంది, కనపడతల్లేదా?"

"ఏత్తన్నాగా! అరవకు!"

"ఇటు కాదు, అటు! నిన్నెవరు రమ్మన్నారు పడవలోకి?"

అలా తిట్టుకుంటూనే ఉన్నారు. నా వంతు వచ్చిందని క్లినిక్ లోపల్నుంచి పిలుస్తున్నారు. నేను మాత్రం ఫోన్ కట్ చెయ్యలేదు.